పాత టి-6 కొనేముందు ఇంజన్ దగ్గర ఏం చూశాం

రేడియల్ ఇంజన్ (సిలిండర్లు చక్రం ఆకుల్లా చుట్టూ అమర్చిన ఇంజన్) ఉన్న పాత మిలటరీ విమానం కొనాలనుకుంటున్నామని ఎవరికి చెప్పినా రెండు రకాల మాటలే వినిపించేవి. "ఆ ఇంజన్ మొండిది, ఒక సిలిండర్ పోయినా ఇంటికి తెస్తుంది" అనేవాళ్లు కొందరు. "ఆయిల్ తాగే రాక్షసి, ఆస్తులు అమ్ముకోవాలి" అనేవాళ్లు ఇంకొందరు. నేనూ నా స్నేహితుడూ చెరిసగం వేసుకుని చివరికి నార్త్ అమెరికన్ కంపెనీ తయారుచేసిన టి-6 అనే రెండో ప్రపంచ యుద్ధం నాటి శిక్షణ విమానం కొన్నాం. వెతకడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి కాగితాలు మా పేరు మీదికి వచ్చేదాకా ఏడాదికి పైనే పట్టింది. కొనేవాడికి ఆ రెండు మాటల్లో ఏదీ అక్కరకు రాదని ఈ ఏడాదిలో తెలిసింది. ఒకే మోడల్ ఇంజన్లలో ఒకటి నిశ్చింతగా తిరుగుతుంది, ఇంకొకటి కొన్న మర్నాటి నుంచే ఖర్చు పెట్టిస్తుంది. ఏది ఎలాంటిదో కొనకముందే కనిపెట్టే దారులున్నాయి. మేం వాటిని ఎలా పట్టుకున్నామో చెబుతాను.

మొదట్లో మా లిస్టు పెద్దదే. బోయింగ్ స్టియర్‌మన్ చూశాం. ఏడు సిలిండర్ల 220 హార్స్‌పవర్ కాంటినెంటల్ ఇంజన్, నెమ్మదస్తురాలు. చైనాలో తయారైన నాన్‌చాంగ్ సీజే-6 (285 హార్స్‌పవర్), సోవియట్ కాలం నాటి యాక్-52 (360 హార్స్‌పవర్) కూడా చూశాం. ఈ రెండింటిలో ఇంజన్ స్టార్ట్ చెయ్యడం, బ్రేకులు, చక్రాలు ముడవడం అన్నీ కంప్రెస్డ్ గాలితోనే. గాలి లీకులు వెతకడమే ఒక ఉద్యోగమవుతుందని వాటి ఓనర్లే చెప్పారు. టి-28బి అనే ఇంకో శిక్షణ విమానం మీద మనసు పడ్డా, 1,425 హార్స్‌పవర్ రైట్ ఇంజన్‌కి పెట్రోలు పోయించే స్తోమత మాకు లేదు.

టి-6 దగ్గర ఆగడానికి కారణం సెంటిమెంటు ఒక్కటే కాదు. ఈ రకం విమానాలు 15 వేలకు పైగా తయారయ్యాయి. బ్రిటన్, కామన్వెల్త్ దేశాల్లో హార్వర్డ్ అన్నారు. దక్షిణాఫ్రికా వైమానిక దళం 1995 వరకూ వీటి మీదే పైలట్లకు శిక్షణ ఇచ్చింది. ఇక దీని ఇంజన్ ప్రాట్ అండ్ విట్నీ ఆర్-1340 వాస్ప్. 1925 డిసెంబరులో మొదటిసారి తిరిగిన డిజైన్ అది. దాదాపు 35 వేల ఇంజన్లు తయారై, యుద్ధం అయిపోయాక పొలాల మీద మందు చల్లే విమానాల్లోకీ, ఆటర్ లాంటి సరుకు విమానాల్లోకీ వెళ్లాయి. అందువల్ల ఇవాళ్టికీ ఈ ఇంజన్ విప్పి బిగించడం తెలిసినవాళ్లు ఉన్నారు, పార్టులు దొరుకుతున్నాయి. ఇంజన్ ఎంత గట్టిదైనా సరే, బాగుచేసేవాళ్లు లేకపోతే దాన్ని నమ్ముకోలేం. నా మటుకు నేను మొదటి మార్కులు దీనికే వేశాను.

ఇంజన్ పేరులో ఉన్న 1340 అనేది క్యూబిక్ అంగుళాల్లో దాని పరిమాణం, అంటే సుమారు 22 లీటర్లు. అంత పెద్ద ఇంజన్ నుంచి టేకాఫ్‌లో తీసుకునేది 600 హార్స్‌పవర్ మాత్రమే. లీటరుకు 27 చొప్పున పడుతుంది. బి-29 బాంబర్‌లో వాడిన రైట్ ఆర్-3350 దాదాపు 55 లీటర్లు, దాన్నుంచి 2,200 హార్స్‌పవర్ లాగారు. లీటరుకు 40. పైగా డిజైన్ ఇంకా కుదురుకోకముందే యుద్ధంలోకి దింపారు. వెనక వరస సిలిండర్లు వేడెక్కి, మెగ్నీషియం క్రాంక్‌కేసుకు (ఇంజన్ మధ్యలోని పెట్టెకు) నిప్పంటుకుని ఎన్నో విమానాలు పోయాయి. అదీ రేడియలే, ఇదీ రేడియలే. కాబట్టి "రేడియల్ మంచిదా కాదా" అని అడిగితే జవాబు రాదు. ఏ రేడియల్, దాని మీద ఎంత బరువు మోపారు, ఈ మధ్యకాలంలో ఎలా చూసుకున్నారు అని విడివిడిగా అడగాలి.

మొదట చూసిన విమానం కళ్లు చెదిరేలా ఉంది. పెయింటు అద్దంలా మెరుస్తోంది, కాక్‌పిట్‌లో స్విచ్చులన్నీ ఒరిజినల్, పొట్ట కింద చుక్క ఆయిల్ లేదు. మేజర్ ఓవర్‌హాల్ (ఇంజన్ మొత్తం విప్పి బాగుచేసి బిగించడం) తర్వాత ఇంజన్ తిరిగింది 140 గంటలే. నా స్నేహితుడు నన్ను పక్కకి లాగి, "ఒరేయ్, కొత్త ఇంజన్ కిందే లెక్క, ఇంకేం చూస్తావు, అడ్వాన్సు ఇచ్చేద్దాం" అన్నాడు. మేం వెంట తీసుకెళ్లిన మెకానిక్ పెద్దాయన రేడియల్ ఇంజన్ల మీదే జీవితమంతా పనిచేశారు. ఆయన విమానం వైపు పెద్దగా చూడలేదు. లాగ్‌బుక్‌లు తెప్పించుకుని కుర్చీలో కూర్చున్నారు.

ఓవర్‌హాల్ జరిగి ఇరవై ఏళ్లు దాటింది. అంటే సగటున ఏడాదికి ఏడు గంటలు. ఆ సగటు కూడా మోసమే. మొదటి మూడేళ్లలోనే చాలావరకు గంటలు అయిపోయాయి. తర్వాత కొన్నేళ్లపాటు ఏడాదికోసారి జరిగే తనిఖీ సంతకం తప్ప ఎగిరిన దాఖలా లేదు. మధ్యమధ్యలో "ఇంజన్ నేల మీద నడిపాం" అని రాసి ఉంది. ఓనరు అది గొప్పగా చెప్పాడు, నెలకోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు తిప్పేవాళ్లమని. మా మెకానిక్ మొహం అక్కడే మారింది. పెట్రోలు మండినప్పుడు నీటి ఆవిరి పుడుతుంది. పిస్టన్ రింగుల పక్క నుంచి కొంత క్రాంక్‌కేసులోకి దిగుతుంది. విమానం గాల్లోకి లేచి గంటసేపు ఎగిరితే ఆయిల్ బాగా వేడెక్కి ఆ తేమంతా ఆవిరై బ్రీదర్ గొట్టం గుండా బయటికి పోతుంది. పది నిమిషాలు నేల మీద తిప్పి ఆపేస్తే తేమ లోపలే నీరవుతుంది, కాలిన వాయువులతో కలిసి ఆమ్లంగా మారుతుంది. దానికన్నా అసలు స్టార్ట్ చెయ్యకుండా, ప్రిజర్వేటివ్ ఆయిల్ కొట్టి, స్పార్క్ ప్లగ్గుల స్థానంలో తేమ పీల్చే ప్లగ్గులు బిగించి వదిలేస్తే మేలు. ఆ ప్లగ్గుల్లో సిలికా జెల్ నీలంగా ఉంటే పొడిగా ఉన్నట్టు, గులాబీ రంగుకి తిరిగితే మార్చాల్సినట్టు. ఈ విమానానికి అవి ఎప్పుడూ పెట్టలేదు.

ప్లగ్గులు విప్పి బోర్‌స్కోప్ (సన్నటి గొట్టం కెమెరా) లోపలికి పంపాం. స్క్రీన్ మీద నాలుగు సిలిండర్ల గోడలు శుభ్రంగానే ఉన్నాయి, ఓవర్‌హాల్‌లో గోడలు సానపట్టినప్పుడు పడే హోనింగ్ గీతలు కూడా కనిపించాయి. అయిదోదాంట్లో గోధుమరంగు చారలు, వాటి మధ్య సన్నటి గుంటలు. ఇంకో రెండింటిలోనూ అదే తీరు. కొన్నిటికే ఎందుకు పట్టిందని అడిగాను. ఇంజన్ ఆగినప్పుడు తొమ్మిది సిలిండర్లూ ఒకే స్థితిలో ఉండవు. కొన్నిటి వాల్వులు తెరిచి ఉండిపోతాయి, వాటిలోకి బయటి తేమ గాలి నేరుగా వెళ్తుంది అన్నారాయన. కనిపించే చోట ఇంత తుప్పు ఉంటే, కనిపించని బేరింగులు, గేర్లు, వాల్వు స్ప్రింగుల సంగతి ఇంజన్ విప్పితే గాని తెలియదు. విప్పితే అదే ఓవర్‌హాల్ ఖర్చు. ఓనరు ధర తగ్గించడానికి ఒప్పుకోలేదు. ఆయన దృష్టిలో అది 140 గంటల ఇంజన్. మేం నమస్కారం పెట్టి వచ్చేశాం. నా స్నేహితుడు దారిపొడవునా మాట్లాడలేదు.

తర్వాత చూసినవాటిలో కొన్నిటికి కాగితాలు తేలలేదు. ఇంజన్ మీది నంబరు ప్లేటుకీ లాగ్‌బుక్‌లో నంబరుకీ పొంతన లేనిదొకటి. ఓవర్‌హాల్ అని ఒక్క ముక్క రాసి, ఏం మార్చారో, ఏ కొలతలకు చేశారో లేని ఇంజన్ ఇంకొకటి. ఓవర్‌హాల్ అనే మాట వినగానే సంతోషపడకూడదు. పార్టులన్నీ కొత్తవాటి కొలతలకు తెచ్చి బిగించడం ఒకటి, ఇంకా వాడకానికి పనికొచ్చే పరిమితిలో ఉన్నాయని తేల్చి అవే బిగించడం ఇంకొకటి. రెండూ చట్టబద్ధమే, ఖర్చులోనూ ఆయుష్షులోనూ చాలా తేడా. సిలిండర్లు మాత్రమే విప్పి చేసింది టాప్ ఓవర్‌హాల్, దాన్ని మేజర్‌తో కలిపి చెప్పేవాళ్లు కూడా తగిలారు.

మేం కొన్న విమానం చూడటానికి అంత బావుండదు. పెయింటు వెలిసింది, పొట్ట మీద తోక దాకా ఆయిల్ చార. ఓవర్‌హాల్ తర్వాత 780 గంటలు తిరిగింది, ఓవర్‌హాల్ జరిగి పదకొండేళ్లు. వెనక చక్రం విమానాలు నడపడం నేర్పేందుకు వాడేవారు. లాగ్‌బుక్ చదువుతుంటే మా మెకానిక్ మొహంలో వెలుగొచ్చింది. ప్రతి నెలా ఎగిరింది. 25 గంటలకోసారి ఆయిల్ మార్చారు, మార్చినప్పుడల్లా ఆయిల్ వడపోసే జాలీ స్క్రీన్‌లో ఏం దొరికిందో రాశారు. ఒక సిలిండర్ ఎప్పుడు దించారో, ఎందుకు దించారో, దాని బదులు ఏ నంబరుది పెట్టారో ఉంది. గంటకి ఎంత ఆయిల్ పడుతోందో కూడా వరసగా రాసుకున్నారు, దాదాపు లీటరు. ఈ ఇంజన్‌కి అది మామూలే. ఎంత తాగుతోందన్న దానికన్నా, ఆ అంకె నిలకడగా ఉందా, పైకి పోతోందా అన్నది ముఖ్యం.

స్టార్ట్ చేసేముందు ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పడం చూపించమన్నారు మా మెకానిక్. రేడియల్ కొనేవాళ్లు తప్పకుండా దగ్గరుండి చూడాల్సిన పని ఇది. ఆయిల్ వేరే ట్యాంకులో ఉంటుంది. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు కొద్దికొద్దిగా కిందికి జారి, అడుగునున్న అయిదు, ఆరు నంబర్ల సిలిండర్లలో చేరుతుంది. ఆయిల్ కుదించుకుపోదు. దాన్ని పట్టించుకోకుండా స్టార్టర్ నొక్కితే పిస్టన్ ఆ ఆయిల్‌ని గుద్దుకుని, పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే లోపలి రాడ్ వంగుతుంది. అప్పటికప్పుడు ఇంజన్ స్టార్ట్ అయిపోవచ్చు కూడా. వంగిన రాడ్ ఆ తర్వాత ఎప్పుడో గాల్లో తెగుతుంది.

ప్లగ్గులకి కరెంటు పుట్టించే మాగ్నెటో స్విచ్ ఆఫ్‌లో ఉన్నా, ఎర్త్ వైరు తెగి ఉంటే ప్లగ్గు వెలగొచ్చు. అందుకని ఇంజన్ ఏ క్షణాన్నైనా అంటుకుంటుందన్నట్టే నిలబడి, ప్రొపెల్లర్ రెక్కని అరచేతులతో నెట్టుకుంటూ తిప్పాం. నాలుగు స్ట్రోకుల చక్రం పూర్తవ్వాలంటే రెండు చుట్లు తిరగాలి. రెండు రెక్కల ప్రొపెల్లర్ కాబట్టి నాలుగు రెక్కలు లెక్కపెట్టాలి, మేం అంతకన్నా ఎక్కువే తిప్పాం. మూడో రెక్క దగ్గర పట్టేసింది. కంప్రెషన్ అయితే స్ప్రింగులా వెనక్కి నెడుతుంది. ఇది అలా కాదు, రాతిని నెట్టినట్టు ఆగిపోయింది. నాకు టెన్షన్ వచ్చింది. అమ్మే ఆయన మాత్రం బలంగా లాగలేదు, వెనక్కీ తిప్పలేదు. వెనక్కి తిప్పితే ఆయిల్ ఇన్‌టేక్ గొట్టంలోకి పోయి, స్టార్ట్ అవ్వగానే మళ్లీ అదే సిలిండర్లోకి వస్తుంది. ఆయన నిచ్చెన కూడా అక్కర్లేకుండా కింద కూర్చుని ఆరో నంబరు సిలిండర్ ముందు ప్లగ్గు విప్పారు. నల్లటి ఆయిల్ సన్నటి ధారగా డబ్బాలోకి దిగింది, చిన్న టీ కప్పుడు ఉంటుంది. ధార ఆగాక ప్లగ్గు తుడిచి, చూసి, బిగించి, మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టారు. ఆ పది నిమిషాల్లో ఆయన చేతులు చూశాక ఇంజన్ ఇన్నేళ్లూ ఎవరి దగ్గరుందో నాకు అర్థమైంది.

స్టార్టర్ పాతకాలం ఇనర్షియా రకం. పెడల్‌ని మడమతో నొక్కితే లోపల చక్రం తిరగడం మొదలై కూత సన్నగా పైకి పోతుంది. బాగా వేగం అందుకున్నాక కాలి మునివేళ్లతో నొక్కితే ఆ వేగాన్ని క్రాంక్‌కి అందిస్తుంది. ఒక దగ్గు, నీలం పొగ, రెండు మూడు సిలిండర్లు, తర్వాత అన్నీ. మొదటి అర నిమిషంలో ఆయిల్ ప్రెషర్ చూపించకపోతే ఆపేయాలి. వెంటనే లేచింది. ఆయిల్ 40 డిగ్రీల సెల్సియస్‌కి వచ్చేదాకా నెమ్మదిగా నడిపారు.

ఆ తర్వాత చేసిన పవర్ చెక్ నాకు చాలా నచ్చింది. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు మానిఫోల్డ్ ప్రెషర్ (సిలిండర్లలోకి వెళ్లే గాలి పీడనం) గేజ్ బయటి గాలి పీడనమే చూపిస్తుంది, సముద్రమట్టానికి దగ్గరైతే 30 అంగుళాల పాదరసం. స్టార్ట్ చేయకముందు ఆ అంకె రాసి పెట్టుకున్నాం. తర్వాత అదే అంకెకి థ్రాటిల్ తెచ్చి ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) చూస్తే, టి-6లో 2,000 దగ్గర ఉండాలి. తక్కువుంటే ఇంజన్‌లో శక్తి పోయినట్టే. సరిగ్గా అక్కడే నిలబడింది. మాగ్నెటోలు ఒక్కొక్కటీ కట్ చేసినప్పుడు ఒకటి 60, ఇంకొకటి 80 ఆర్‌పీఎం తగ్గాయి. వంద లోపే కాబట్టి సరిపోయింది.

గాల్లో తిప్పి దించాక, ఇంజన్ వేడిగా ఉండగానే కంప్రెషన్ పరీక్ష పెట్టాం. ఒక్కో సిలిండర్లోకి 80 పీఎస్ఐ (పీడనం కొలత) గాలి పంపి ఎంత నిలుస్తుందో చూస్తారు. ఏడింటిలో 70కి పైన నిలిచింది. ఒకదానిలో 66. రెండో నంబరు సిలిండర్లో 48. గాలి ఎటు పోతోందో చెవితో పట్టుకోవచ్చు. ఇన్‌టేక్ వైపు శబ్దమైతే ఇన్‌టేక్ వాల్వు, బ్రీదర్ దగ్గరైతే రింగులు. ఎగ్జాస్ట్ గొట్టం దగ్గర చెవి పెడితే బుస్సుమంటోంది, ఎగ్జాస్ట్ వాల్వు సరిగా కూర్చోవడం లేదు. ఆ సిలిండర్ ఒక్కటీ దించి బాగుచేయించుకోవచ్చు, ఇంజన్ విమానం నుంచి విప్పక్కర్లేదు.

ఆఖర్న ఆయిల్ స్క్రీన్ తీశాం. మా మెకానిక్ దాన్ని తెల్లగుడ్డ మీద దులిపారు. నల్లటి రవ్వలు చాలానే పడ్డాయి. నా గుండె జారింది. ఆయన ఒక్కో రవ్వనీ గోటితో నొక్కారు. పొడి అయిపోతే అది కార్బన్, భయం లేదు. నలగకపోతే లోహం. దగ్గరికి అయస్కాంతం తెస్తే ఇనుముదైతే లేస్తుంది, బేరింగుల నుంచో పిస్టన్ల నుంచో వచ్చినదైతే లేవదు. అన్నీ పొడయ్యాయి. ఆయన గుడ్డ మడిచి, "ఇది కొనండి" అన్నారు. బేరం ఆ రెండో సిలిండర్ ఖర్చు తగ్గించుకోవడం దగ్గర తేలిపోయింది.

ఇంజన్ బావుందని విమానం కొనెయ్యకూడదు. 2005లో అమెరికాలో ఒక టి-6 రెక్క గాల్లోనే ఊడిపోయింది. దాని తర్వాత అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ, రెక్కల్ని మధ్య భాగానికి కలిపే అటాచ్ యాంగిల్స్‌లో పగుళ్లు వెతకాలని ఆదేశం ఇచ్చింది. ఆ తనిఖీ రికార్డు చూసి, మా ఖర్చుతో మళ్లీ చేయించాం. నేల మీద గిరగిరా తిరిగి రెక్క చివర దెబ్బ తినడం ఈ విమానాల్లో మామూలు, పాత రిపేర్లు ఎక్కడున్నాయో అడిగి మరీ చూశాం. ఇన్సూరెన్స్ కంపెనీ ఇద్దరినీ ట్రైనింగ్ గంటలు పూర్తిచెయ్యమంది. అది మాకూ కావాల్సిందే.

మా చేతికి వచ్చాక నేర్చుకున్న అలవాట్లలో పెద్దది, కిందికి దిగేటప్పుడు పవర్ ఒక్కసారిగా తీసెయ్యకపోవడం. ఎనిమిది పిస్టన్ల రాడ్లు తొమ్మిదోదాని మాస్టర్ రాడ్‌కి తగిలించి ఉంటాయి, అన్నిటి బరువూ ఒక్క బేరింగ్ మోస్తుంది. ఇంజన్ ప్రొపెల్లర్‌ని తిప్పుతున్నప్పుడు బరువు ఒకవైపు పడుతుంది. పవర్ తీసేస్తే గాలికి ప్రొపెల్లరే ఇంజన్‌ని తిప్పి, బరువు రెండోవైపు పడుతుంది, అటు ఆయిల్ పొర సరిగా నిలవదు. అందుకని వంద ఆర్‌పీఎంకి కనీసం ఒక అంగుళం మానిఫోల్డ్ ప్రెషర్ ఉంచుతాం, 2,000 తిరుగుతుంటే 20కి తగ్గనివ్వం. దిగడం చాలా ముందుగా ప్లాన్ చేసుకోవాల్సి వస్తుంది, చేసుకుంటాం.

కొన్న ఏడాదిలోపే 66 చూపిన సిలిండర్ 60కి దిగింది. మళ్లీ పరీక్షిస్తే గాలి బ్రీదర్ వైపు పోతోంది, రింగులు అరిగాయి. దాన్ని దించి, ఓవర్‌హాల్ అయిన ఇంకోటి పెట్టించాం. వాల్వుల సందుని తనంతట తానే సరిచేసే హైడ్రాలిక్ టాపెట్లు ఉండవు కాబట్టి ఆ క్లియరెన్సులు చేత్తోనే సెట్ చేసుకోవాలి. అది కూడా మా మెకానిక్ దగ్గరుండి నా స్నేహితుడి చేత చేయించారు. క్రూయిజ్‌లో గంటకు 110 లీటర్ల చుట్టూ పెట్రోలు పడుతోంది, ఆయిల్ ఇప్పటికీ లీటరు దగ్గరే ఉంది. వాతావరణం బాలేక మూడు వారాలు ఎగరలేకపోతే మాకిద్దరికీ మనసు ఊరుకోదు. అలాంటప్పుడు ఊరికే స్టార్ట్ చెయ్యం. చలికాలంలో ఎక్కువ రోజులు ఆపాల్సొస్తే ప్రిజర్వేటివ్ ఆయిల్ కొట్టి, నీలం ప్లగ్గులు పెట్టేస్తాం. తర్వాతి ఓవర్‌హాల్‌కి మంచి షాపులో లైను చాలా పొడుగ్గా ఉందట. ఇంజన్ ఇంకా బాగా తిరుగుతుండగానే అక్కడ పేరు రాయించాం.